పంతొమ్మిది మేకులు

బ్రిథెన్ డొక్క కోసింది నేనే.
వేల్స్ భాషలో మచ్చలది అని అర్థం,
మెయ్‌రిగ్ పెట్టుకున్న పేరు.
మూడు రోజులుగా మేత ముట్టలేదు.
వెన్ను విల్లులా వంచి నిలబడింది,
అడుగు తీస్తే చిన్న మూలుగు
తలుపు సందున వేలు నలిగినవాడు
ఎవరూ వినకూడదని మూలిగినట్టు.

నిలబెట్టే కోశాను.
మోచెయ్యి దాటి చెయ్యి లోపలికి పోయింది.
నానిన గడ్డి, పులిసిన గడ్డి,
దాని అడుగున
తేనెపట్టు గదులున్న పొట్టలో
ఇనుము,
ఒంటి వేడికి వెచ్చబడిన ఇనుము.
జానెడు. ఒక కొస వంకర.
డేరా మేకు.
గుండె అక్కడికి బొటనవేలంత దూరం.

మేకయితే ఏరుకు తింటుంది.
ఆవు నాలుకతో చుట్టి, తెంపి, మింగేస్తుంది.
నేలంటే దానికి నమ్మకం.

ఆగస్టులో ఆ కొండవాలు మీద
నాలుగు రోజుల పాటల పండుగ, ఆరు వేలమంది.
అబద్ధమెందుకు, నేనూ వెళ్లాను.
మోకాలి బురదలో ఎగిరాను,
పేరు తెలియని వాళ్ల భుజాల మీద చేతులేసి.
సోమవారం పొద్దున మెయ్‌రిగ్ ఫోన్ చేశాడు,
"వచ్చి చూడు."
కూలిన డేరాలు, గాలి పోయిన పరుపులు,
ఒంటి బూటు, ఎవరిదో పుట్టినరోజు కిరీటం.
డేరా కొనడం కంటే మడవడం ఖరీదు కాబోలు.
పేదవాళ్లకెవరో పంచుతార్లే అనుకున్నారట.
ఆ ఎవరో
మెయ్‌రిగ్ పాత ట్రాక్టరు.
గుడ్డలన్నీ అది ఈడ్చుకుపోయింది,
మేకులు నేలలోనే ఉండిపోయాయి.

పండుగ నడిపే నెస్టా కొట్టంలోకి వచ్చింది.
మేకు కడిగి ఆమె అరచేతిలో పెట్టాను.
ఏమీ అనలేదు. కోటు జేబులో వేసుకుంది.
ఆ చలికాలమంతా సమావేశాలు.
సూర్యరశ్మి దీపాలు, రంపపు పొట్టు మరుగుదొడ్లు,
కార్లు వద్దు బస్సులు వేద్దాం,
వాగులో ఎవరూ సబ్బు కలపకుండా కంచె,
అన్నిటికీ చేతులు లేచేవి.
చివర్న ఆమె జేబులోంచి తీసి బల్ల మీద పెట్టేది
ఆ వంకర కొసను.
లేచిన చేతులు కాసేపు ఎక్కడ దించాలో తెలియక ఉండేవి.
ఏకు మేకవడం విన్నాం గానీ
మేకు మాటవడం అప్పుడే చూశాను.

మరుసటి ఏడు గేటు దగ్గర లెక్క.
నీ డేరాకెన్ని మేకులు? ఇరవై.
చేతి పట్టీ మీద ఇరవై అని రాసి లోపలికి.
నవ్వారు. విసుక్కున్నారు. గంటన్నర వరుస.
ఒకాయన, "మేం జైలుకొచ్చామా?" అన్నాడు.
"కాదు, ఒకరి అన్నంకంచంలోకి," అంది నెస్టా,
కలం ఎత్తకుండానే.

ఆఖరి రోజు వాన.
బర్మింగ్‌హామ్ కుర్రాడు, డెల్‌రాయ్,
గోనెసంచి విప్పి లెక్కపెట్టాడు. పంతొమ్మిది.
"ఒక్కటే కదా!"
బస్సు హారన్ కొడుతోంది. స్నేహితులు పిలుస్తున్నారు.
నెస్టా వాదించలేదు, జేబులో చెయ్యీ పెట్టలేదు.
వాడే తడి పట్టీ మీద చెరిగిపోతున్న అంకె చూసుకుని
వెనక్కి నడిచాడు.

చక్రాల అయస్కాంతం తోసుకుంటూ వెనకాల నేను.
డేరా ఉన్నచోట గడ్డి పాలిపోయి ఉంది,
కట్టు విప్పిన చర్మంలా.
మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో దువ్వాడు,
చెల్లెలి తలలో పేలు చూసేవాడిలా ఓపిగ్గా.
అయస్కాంతానికి రెండు హెయిర్‌పిన్నులు, సీసా మూత,
ఒక మేకు.
"దొరికింది," అన్నాను.
వాడు తిప్పి చూశాడు. "నాది కాదు. నావి నీలం రంగువి."

ఇరవై అయ్యాయి. లెక్క సరిపోయింది.
వాడు మాత్రం కదల్లేదు.
బస్సు వెళ్లిపోయింది. చీకటి పడింది. దొరకలేదు.
చేతి పట్టీ తెంపి, పుల్లకు కట్టి
అక్కడ గుచ్చి వెళ్లాడు.

మెయ్‌రిగ్ ఆ పుల్ల చుట్టూ తీగ కట్టాడు,
ఇద్దరు పడుకునేంత మేర.
ఇప్పుడు కొండంతా మేసి నున్నగా ఉంటుంది,
ఆ కాస్త చోట మటుకు
నడుమెత్తు గడ్డి.
బ్రిథెన్ కడుపులో నేను వేసిన అయస్కాంతం మోసుకుంటూ
తీగదాకా వస్తుంది,
మెడ చాచి వాసన చూస్తుంది,
పక్కకు తిరిగి మేస్తుంది.